దండం పెట్టని చేతులు

నర్మదమ్మ పగను ఆమె చుట్టాల్లో ఎవరూ తప్పు పట్టలేదు. పట్టినా వినే మనిషి కాదామె. తన మొగుణ్ణి చావుకు అప్పగించినవాడు ఎక్కడో తింటున్నాడు, తిరుగుతున్నాడు. వాడు దొరకాలి, తన కళ్ల ముందే వాడి ప్రాణం పోవాలి. దాదాపు రెండేళ్లుగా పొద్దున లేస్తే ఇదే తలపు, పడుకుంటే ఇదే తలపు. ఎవరు ఏ ముచ్చట మొదలుపెట్టినా చివరికి దాన్ని అక్కడికే లాక్కొచ్చేది.

సారంగాపూర్ అవతల ఒక పల్లెకు ఆమె దొరసాని. దొరసాని అంటే ఉత్త పిలుపు కాదు. ఆమె నడిచే వాకిట్లో ఇంకొకరి చెప్పుల చప్పుడు వినిపించకూడదు. ఆమె భర్త మదన్ మోహన్ రావు ఎదురైతే ఊళ్లోవాళ్లు భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకొని, తల వంచుకొని, పక్కకు తప్పుకొని నిలబడాలి. ఈ భోగం పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది దాకా నడిచింది. ఆ ఏడాది జగిత్యాల చుట్టుపక్కల కూలీలు సంఘం కట్టి, వెట్టి బందు పెట్టి, దొరల ఇండ్లకు చాకలి, మంగలి పోవద్దని తీర్మానించేసరికి దొరలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకొని పట్నాల దారి పట్టారు. మదన్ మోహన్ రావు కూడా తన కోటలాంటి ఇంటికి, గడీకి, తాళం వేసి జగిత్యాలలో ఇల్లు తీసుకున్నాడు. తాళం చెవి పాలేరు ఐలయ్య చేతిలో పెట్టాడు. గడీలో వాణ్ణి ఐలయ్య అని పిలిచినవాళ్లు లేరు. ఐలిగాడు, అంతే.

ఎనభై ఆరులో, యాసంగి కోతలప్పుడు, గడీలోని టేకు దూలాలకు బేరం కుదిరిందని మదన్ మోహన్ రావు గుట్టుచప్పుడు కాకుండా ఊరికి పోయాడు. పోతున్నట్టు ఐలిగాడికి తప్ప మరొకరికి తెలియదు. మర్నాడు పొద్దున ఆయన వేపపుల్లతో పళ్లు తోముకుంటుంటే అన్నలు, అదే నక్సలైట్లు, లోపలికి వచ్చారు. వాకిట్లోనే కాల్చి, గోడ మీద ఎర్ర అక్షరాలు రాసి, వచ్చిన దారినే పోయారు. కబురంది నర్మదమ్మ జగిత్యాల నుంచి వెళ్లేసరికి శవం మీద ఎవరో గోనెసంచి కప్పి ఉంచారు. ఏడుస్తూనే ఆమె ఒకటి గమనించింది. వెనక దిడ్డి తలుపు పగలలేదు, గొళ్లెం ఊడలేదు. ఎవరో లోపలి నుంచి తీసిపెట్టిన తలుపు అది. ఐలిగాడు ఆ పొద్దు నుంచి ఊళ్లో లేడు.

దినవారాలు అయ్యాక కోరుట్లలో ఉండే అన్న హనుమంత రావు ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు. ఆయనది తునికాకు వ్యాపారం, పెద్ద ఇల్లు, ఇంటి నిండా మనుషులు. పిల్లలు లేని నర్మదమ్మకు వెనక గది ఇచ్చారు. తిండికి లోటు లేదు, పలకరింపుకే లోటు. వదిన ఉష చెడ్డదేం కాదు, కాని ఇంట్లో మంచి పని పెట్టుకున్నప్పుడల్లా ఆ వెనక గది తలుపు మెల్లగా దగ్గరికి వేసేది. మేనకోడలి బిడ్డ తొట్టెల పండుగనాడు నర్మదమ్మ పిల్లను ఎత్తుకోబోతే ఎవరో చటుక్కున లాక్కున్నారు. ఆ రోజు నుంచి ఆమె చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. ఊరు లేని దొరసాని, మొగుడు లేని ఆడది, ఎవరి పిల్లనూ ఎత్తుకోకూడని చేతులు. ఇంక తను ఎవరు? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమె ఐలిగాణ్ణి తిట్టుకునేది. తిట్టుకున్నంతసేపు తనెవరో ఆమెకు బాగా తెలిసేది.

అన్నకు తెలిసిన ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఇంటికి వచ్చిపోతుండేవాడు. పేరు తెలిసినా ఊరు తెలిసినా లాభం లేదనీ, వాడి ఫోటో ఒక్కటి కూడా లేదనీ, ఎవరైనా మనిషిని చూపిస్తే మిగతాది తాము చూసుకుంటామనీ చెప్పాడు. మిగతాది అంటే ఏమిటో ఆ రోజుల్లో ఆ జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ గుట్ట పక్కనో ఎదురుకాల్పులు, మర్నాడు పేపర్లో నాలుగు వరుసలు.

"ఇరవై ఏండ్లు నా ఇంట్ల తిన్నడు," అంది నర్మదమ్మ. "ఎంతమందిల ఉన్నా నేను గుర్తువడ్త."

ఇన్‌స్పెక్టర్ వెళ్లాక మంచం మీద కూర్చొని ఐలిగాడి ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. ఎంత గింజుకున్నా వంగిన నల్లటి వీపు, నడుముకు చుట్టిన తువ్వాల, పగిలిన మడమలు, నేలకేసి "బాంచెన్ దొరసాని" అని గొణిగే గొంతు, మెడ వెనక కొడవలి వంపులో కాలిన మచ్చ, ఇవే వచ్చాయి. ముక్కు ఎట్లా ఉండేదో, మీసం ఉండేదో లేదో కూడా తెలియదు. ఇరవై ఏళ్లు తన వాకిలి ఊడ్చి, నీళ్లు తోడి, కచ్చురం బండి తోలినవాడి ముఖం ఆమె చూసి ఎరగదు. వాడు తల ఎత్తలేదు, ఆమెకు చూడాల్సిన అవసరం పడలేదు. ఇది దొరసానులకు మాత్రమే వచ్చే కష్టం. పగబట్టిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడినా పోల్చుకోలేరు. ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకు చెప్పాలంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది. మచ్చ ఉంది గదా అని తనకు తానే సర్దిచెప్పుకొని, అది చెబితే ముఖం సంగతి అడుగుతాడని మచ్చ మాట కూడా ఆయనతో అనకుండా ఊరుకుంది.

కొన్నాళ్లకు, ఒకప్పుడు గడీలో పని చేసిన బాలవ్వ బీడీల పని వెతుక్కుంటూ కోరుట్ల వచ్చి, పాత దొరసానిని పలకరించి పోదామని ఆగింది. మాటల్లో ఒకటి జారవిడిచింది. ఐలిగాడు కొన్నాళ్లు అన్నల వెంట తిరిగి, మధ్యలోనే విడిచిపెట్టి, ఇప్పుడు సిరిసిల్లలో ఉన్నాడట. కిరస్తానపోళ్లలో కలిసి పేరు మార్చుకున్నాడట. ఏం పేరని గుచ్చి గుచ్చి అడిగేసరికి బాలవ్వ భయపడి నోరు కట్టేసుకుంది.

నర్మదమ్మ ఆ వారమే సిరిసిల్ల బస్సెక్కింది. అక్కడ ఆమె చిన్నాయన కూతురు తార ఉంది, తార భర్తకు బ్యాంకులో పని. చేతుల వణుకు మందులకు తగ్గడం లేదని, కిరస్తానపోళ్ల ప్రార్థనకు తగ్గుతుందని ఎవరో చెప్పారని తారతో అంది. జబ్బులు నయం కావాలని అన్ని కులాల ఆడవాళ్లూ అక్కడికి పోతూనే ఉండేవాళ్లు కాబట్టి తార వింతగా చూడలేదు. చూసినా నర్మదమ్మ లెక్కచేసేది కాదు. వెతుకుతున్నవాడు దొరకాలంటే వాడి దేవుడి గడప తొక్కడం కూడా ఆమెకు ఒక పనే.

ప్రార్థన మందిరమంటే రేకుల షెడ్డు. ఆ పక్క సాంచాలు, ఈ పక్క సాంచాలు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. వాటి మోతలో పక్కవాళ్ల మాట కూడా వినబడదు, అందుకే అక్కడ దేవుడితో కూడా గట్టిగానే మాట్లాడతారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు, బీడీలు చేసే ఆడవాళ్లు వచ్చేవాళ్లు. నడిపించేది ఆ మందిరం సంఘ పెద్ద, పేరు ఆనందం. నడివయసు మనిషి, నిండు చేతుల చొక్కా, మెడ చుట్టూ తువ్వాల, నిటారుగా నిలిచే తల. సాంచాల షెడ్లకు నూలు బేళ్లు మోసి బతికేవాడు. ఎవరితో మాట్లాడినా కళ్లలోకి చూసి మాట్లాడేవాడు. మొదటి రోజే నర్మదమ్మకు ఆ చూపు మీద ఒళ్లు మండింది. మా ఊళ్లో అయితే ఇట్లా చూసేవాడా అనుకుంది.

అక్కడివాళ్లు ఎవరు ఎదురైనా చేతులు జోడించి వందనాలు అంటారు. పెద్దా చిన్నా తేడా లేదు. ఆమెకు కూడా చెప్పారు. ఆమె గడ్డం కాస్త ఆడించి ఊరుకుంది. తనకంటే కిందివాళ్లకు చేతులు జోడించడం ఆమె పుట్టిన ఇంట్లో లేదు, మెట్టిన ఇంట్లో లేదు. కొన్నాళ్లకు వాళ్లకూ అలవాటైపోయింది. ఆమె వాలకానికి దొరసాని అని పేరు పెట్టి, దొరసాని చేతులు కలపదు అని వాళ్లలో వాళ్లు నవ్వుకొని, అయినా ప్రతి శుక్రవారం ఆమెకు చెబుతూనే ఉండేవాళ్లు.

ఎవరి అవసరం ఏమిటో అడిగి, దాని కోసం అందరూ కలిసి ప్రార్థించడం అక్కడి పద్ధతి. ఒకామె కొడుకు తాగుడు మానాలంది, ఒకామె కడుపునొప్పి తగ్గాలంది. నర్మదమ్మ వంతు వచ్చింది. "నేనొక మనిషిని దేవులాడుతున్న. దొరకాలె," అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆనందం ప్రార్థన అందుకున్నాడు. ఆ గొంతు సాంచాల మోతను దాటి వినిపించింది.

"ప్రభువా, ఈ తల్లి ఎవన్ని దేవులాడుతున్నదో వాన్ని ఈమె కండ్లకు చూపెట్టు. వానికి పారిపోయే బుద్ధి పుట్టియ్యకు."

అందరూ ఆమేన్ అన్నారు. నర్మదమ్మ లోపల్లోపల నవ్వుకుంది. ఐలిగాణ్ణి పట్టివ్వమని వాడి దేవుడికే దరఖాస్తు పెట్టినట్టయింది.

ఆమె పక్కన మొగిలవ్వ అని ఒక ముసలామె కూర్చునేది. కండెలు చుట్టి బతికే మనిషి. ఒక శుక్రవారం నర్మదమ్మ చేతులు ఒళ్లో గడగడా వణుకుతుంటే చూసి, అడగకుండానే ఒక చెయ్యి వాటి మీద వేసింది, ఇంకో చెయ్యి తల మీద పెట్టింది. గంజి వాసన వేసే గరుకు చెయ్యి. నర్మదమ్మకు ఒళ్లు జలదరించింది. విదిలించబోయింది, విదిలించలేకపోయింది. మొగుడు పోయాక ఆమెను ఎవరూ తాకలేదు. అన్న ఇంట్లో చీర కొంగు తగిలినా పక్కకు జరిగేవాళ్లు. ఆ గరుకు చెయ్యి కింద ఆమె ముక్కు కారేదాకా ఏడ్చింది, దొరసానులు నలుగురిలో ఏడవకూడని ఏడుపు. నీ పేరేంది బిడ్డా అని మొగిలవ్వ అడిగింది. ఫలానా ఊరి దొరసానిననీ, ఫలానా హనుమంత రావు చెల్లెలిననీ చెప్పబోయి, ఎందుకో, నర్మద అని మాత్రం చెప్పింది. ముసలామె అప్పటి నుంచి నర్మదా అనే పిలిచింది.

కడుపులో ఉన్నది ఉన్నట్టు దేవుడికి చెప్పుకో అని కూడా మొగిలవ్వే చెప్పింది. మంచి మాటలే చెప్పాలని ఏం లేదట. నర్మదమ్మ ఆ మాటను పట్టుకుంది. తర్వాతి శుక్రవారం కళ్లు మూసుకొని, సాంచాల మోతను అడ్డం పెట్టుకొని, రెండేళ్లుగా గొంతులో అడ్డుపడ్డదంతా బయటికి కక్కింది. "వాన్ని చంపు. వాడు నీళ్లకు మొత్తుకొని చావాలె. నా మొగని మీద కప్పిన గోనెసంచే వాని మీద కప్పాలె." తిట్టి తిట్టి అలిసిపోయింది. అన్న ఇంట్లో ఈ మాటలు అంటే ఊరుకోమనేవాళ్లు. ఇక్కడ ఎవరూ ఊరుకోమనలేదు. వింటున్నవాడు ఎవడో ఉన్నాడనీ, ముఖం చాటెయ్యకుండా వింటున్నాడనీ ఆమెకు అనిపించింది. ఆమె మొదటి నిజమైన ప్రార్థన అదే, అది శాపం. ఆ తర్వాత శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది. గ్లాసులో నీళ్లు తొణకడం తగ్గింది. భక్తి కుదిరిన కొద్దీ పగ కరిగిపోయిందని చెబితే అది అబద్ధం. రెండూ ఒకే పొయ్యి మీద ఉడికాయి.

ఆమె కబురు పంపితే ఇన్‌స్పెక్టర్ తార ఇంటికి వచ్చి కలిశాడు. శుక్రవారం అంతా ఆడవాళ్లే ఉంటారు, లాభం లేదన్నాడు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఉంటుంది, ఆ రోజు పని మానుకొనైనా మగవాళ్లందరూ వస్తారు. తను ఇద్దరు మనుషులతో మఫ్టీలో గేటు ఎదురుగా చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటాడు. ఆమె లోపల వాణ్ణి పోల్చుకొని, బయటికి వచ్చేటప్పుడు గుర్తు చూపాలి. వేలు పెట్టి చూపిస్తే గలాటా అవుతుంది, మరేం గుర్తు?

నర్మదమ్మ ఎంతోసేపు ఆలోచించలేదు. "అక్కడ నేను ఎవ్వలకు దండం పెట్టలేదు, పెట్ట. ఎవని ముందట నిలవడి చేతులు జోడిస్తనో, వాడే ఐలిగాడు."

ఇన్‌స్పెక్టరుకు నచ్చింది. పొరపాటు పడే గుర్తు కాదు. నర్మదమ్మకు ఇంకా నచ్చింది. తన చేతుల నుంచి వాడికి దొరికే మొదటి దండమే ఆఖరిది కావాలని ఆమె కోరిక.

ఆదివారానికి ముందు శుక్రవారం ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే ఆనందం గడప దగ్గర ఆగాడు. "దొరికినంక ఏం జేస్తవమ్మా?" అని అడిగాడు.

"వాని మొఖం చూస్త. ఒక్కపారి. తర్వాత వాడు ఉండడు."

ఆనందం కళ్లు దించలేదు. "చూడాలె అమ్మా," అన్నాడు. "చూడకుంట ఎట్ల?" ఎల్లుండి ఆదివారం తప్పక రమ్మని చెప్పి, దారి ఇచ్చి నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున కరెంటు పోయింది. సాంచాలు ఆగి, వీధంతా ఎప్పుడూ లేనంత నిశ్శబ్దమైంది. మందిరం నిండిపోయింది. నర్మదమ్మ ఆడవాళ్ల వైపు కూర్చొని, పాటలు విన్నది లేదు, వాక్యం విన్నది లేదు. మగవాళ్ల మెడలు వెతుకుతోంది. ముందు వరుస, దాని వెనక వరుస. కాలర్లు, తువ్వాలలు, చెమట పట్టిన మెడలు. కొడవలి వంపు ఎక్కడా లేదు. బాలవ్వ చెప్పింది కట్టుకథేమోనని పళ్లు కొరుక్కుంది.

పాస్టరు అయ్యగారు రొట్టె విరిచి, గిన్నె పైకెత్తి ప్రార్థించి, బల్ల దగ్గరికి రమ్మని పిలిచారు. వరుసగా వెళ్లి మోకరించి తీసుకుంటున్నారు. ఆనందం వంతు వచ్చింది. బల్ల ముందుకు రాగానే మెడ చుట్టూ ఉన్న తువ్వాల తీశాడు. తీసి, అది ఎప్పటి అలవాటో, నడుముకు చుట్టుకున్నాడు. మోకరించి తల వంచాడు. కాలరు కిందికి జారింది.

అదే వీపు. అదే వంపు. మెడ మీద అదే మచ్చ.

నర్మదమ్మకు మొదట వచ్చింది సంతోషం. దాచడమెందుకు, ఒంట్లో ప్రతి నరం సంతోషపడింది. దొరికాడు. ఇన్నాళ్లూ ఎదురుగా నిలబడి, కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడినవాడే వాడు. తల ఎత్తి ఉన్నందుకు పోల్చుకోలేకపోయింది, గొంతు విప్పి మాట్లాడినందుకు పోల్చుకోలేకపోయింది. వంగేసరికి పోల్చుకుంది. వెంటనే కోపం తన్నుకొచ్చింది. తన కోసం ప్రార్థన చేశాడు, తనతో ఆమేన్ అనిపించాడు, ఎంత గుండె వీడికి!

ఆ కోపంలోనే వాడి ప్రార్థన గుర్తొచ్చింది. పారిపోయే బుద్ధి పుట్టియ్యకు అన్నాడు. ఎవరికి? ఆమె అడుగుపెట్టిన రోజే వాడు ఆమెను గుర్తుపట్టాడు. ఎవరి కోసం వచ్చిందో తెలుసు. మగ్గాల పని మీద బొంబాయి దగ్గరి భీవండి పోయే బస్సు సిరిసిల్లలో ఎప్పుడూ ఉంటుంది, ఎక్కితే ఎవరికీ దొరికేవాడు కాదు. ఎక్కకుండా ప్రతి శుక్రవారం వచ్చి, చూడమని ముఖం చూపించుకుంటూ నిలబడ్డాడు. చూడనిది తనే.

అప్పుడు, రావద్దనుకున్నది వచ్చింది. పెళ్లయి గడీకి వచ్చిన రోజు కాళ్ల మీద నీళ్లు పోసిన పడుచువాడు ఒకడు తలెత్తి చూశాడు. కొత్త దొరసాని ఎట్లుందో చూడాలని ఊరందరికీ ఉన్న కుతూహలమే వాడికీ ఉంది. ఆమె మొగుడితో నవ్వుతూ, "వాడేంది, నన్ను గట్ల చూస్తుండు?" అంది. నవ్వుతూనే అంది. మర్నాడు పొద్దున పశువుల కొట్టం దగ్గర కొడవలి కాల్చారు. అరుపు వినిపిస్తే ఆమె కిటికీ మూసింది. ఇంక ఎవడూ తలెత్తడు అని మొగుడు చెబితే, ఆయనకు అన్నం వడ్డించింది. మచ్చను ఇరవై ఏళ్లు చూసింది, అది తన నోటి మాటేనని ఒక్కనాడూ అనుకోలేదు.

నువ్వు వాన్ని చూపెట్టమంటే వాని మెడ మీద నన్ను చూపెట్టినవు అని ఆమె మనసులోనే దేవుడితో కొట్లాడింది. దీనితో మొగుడి చావు చెల్లు అయిపోయిందా? కాలేదు. ఎవరైనా అయిందంటే వాళ్ల నోరు మూయించేది. తలుపు తీసినవాడు తీసినవాడే. కాని ఒకసారి ఆమె మాటకు వాడి మెడ కాలింది. ఇప్పుడు ఆమె చేతులు కలిస్తే వాడు ఉండడు. ఇన్నాళ్లూ హాయిగా ద్వేషించుకున్నవాణ్ణి ఇకపై అంత హాయిగా ద్వేషించలేనని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది. అది క్షమ కాదు, ఉక్రోషం. పక్కన మొగిలవ్వ ఏం అడగకుండా మళ్లీ తల మీద చెయ్యి పెట్టింది.

ఆశీర్వాదం చెప్పారు. జనం లేచి, తలుపు బయట రెండు వైపులా నిలబడి వందనాలు చెప్పుకుంటున్నారు. గేటుకు అవతల చాయ్ హోటల్ బల్ల మీద ఇన్‌స్పెక్టర్ గ్లాసు పట్టుకొని ఇటే చూస్తున్నాడు. ఆనందం తువ్వాల మళ్లీ మెడకు చుట్టుకోలేదు. వరుసలో నడుమ ఎక్కడో నిలబడి ఉన్నాడు, తల వంచుకొని. గేటు బయట ఉన్నవాళ్లెవరో వాడికి తెలిసిపోయినట్టే ఉంది.

నర్మదమ్మ గడప మీద ఆగింది. చేతులు జోడించకుండా వెళ్లిపోతే ఇన్‌స్పెక్టర్ వచ్చే నెల వస్తాడు, ఆ పై నెల వస్తాడు. ఆమెను మళ్లీ ఇక్కడే నిలబెట్టి ఈ మనుషుల్లో వాడెవడో చూపించమంటాడు. ఒక్కడికి జోడిస్తే ఆ ఒక్కడు చస్తాడు. అందరికీ జోడిస్తే గుర్తు గుర్తు కాకుండా పోతుంది. అందరికీ అంటే, కండెలు చుట్టేవాళ్లకు, బీడీలు చేసేవాళ్లకు, తన పుట్టింటివాళ్లు వాకిట్లోకి కూడా రానివ్వనివాళ్లకు. ఆమె చేతులు అంత తేలిగ్గా లేవలేదు. మొగుడి ప్రాణం తీసిన ఆ తలుపు కంటే ఇది బరువా అని ఆమె తనను తానే తిట్టుకుంది.

ముందు మొగిలవ్వ ఉంది. నర్మదమ్మ చేతులు జోడించింది. "వందనాలు."

హోటల్ దగ్గర ఇన్‌స్పెక్టర్ దిగ్గున లేచాడు. ముసలామెను చూసి మళ్లీ కూర్చున్నాడు. తర్వాత కండెలు చుట్టే ఒక పడుచుపిల్ల. వందనాలు. తర్వాత దగ్గు పట్టిన ఒక మగమనిషి. ఇన్‌స్పెక్టర్ మళ్లీ లేచాడు. ఆమె అక్కడ ఆగలేదు, పక్కవాడికి జోడించింది, వాడి పక్కవాడికి, వాడి భార్యకు. ఇన్‌స్పెక్టర్ మనుషులు ఆయన ముఖం చూస్తున్నారు, ఆయన ఈమె చేతులు చూస్తున్నాడు. దొరసాని చేతులు కలిపిందని ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు.

ఆనందం దగ్గరికి వచ్చింది. వాడి కళ్లు తన పాదాల మీదే ఉన్నాయి.

"తలుపు తీసింది నేనే, అమ్మా," అన్నాడు మెల్లగా.

"తెలుసు." ఆమె గొంతులో మెత్తదనం ఏమీ లేదు. "తల ఎత్తు, ఐలయ్యా."

వాడు ఎత్తాడు. చప్పిడి ముక్కు, నెరిసిన మీసం, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. ఆమె ఆ ముఖాన్ని బాగా చూసింది. మళ్లీ మరిచిపోకూడదన్నట్టు చూసింది. చేతులు జోడించి వందనాలు అంది, అందరికీ అన్నట్టే. అని తర్వాతి మనిషి ముందుకు జరిగింది.

వరుస అయిపోయాక గేటు దాటి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడింది. ఆయన ముఖం ఎర్రబడి ఉంది. "అందరికి మొక్కితె నేనేమనుకోవాలె దొరసానమ్మా? ఎవడు వాడు?"

"ఐలిగాని మొఖం నేను ఎన్నడు చూడలేదు సార్," అంది. "ఇరవై ఏండ్లు వాడు నా ముందట తల ఎత్తలేదు. నేనే ఎత్తనియ్యలేదు. ఎట్ల గుర్తువడ్త?"

ఆయనకు కూడా వందనాలు చెప్పి, మొగిలవ్వ వెంట నడిచింది. కరెంటు వచ్చి సాంచాలు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. వాణ్ణి క్షమించానని ఆమె ఎవరికీ చెప్పలేదు, దేవుడికి కూడా చెప్పలేదు. కడుపులో మంట అట్లాగే ఉంది. కొంత దూరం పోయాక మొగిలవ్వ, శుక్రవారం వస్తవా నర్మదా అని అడిగింది. వస్తానంది. ఈసారి నీ కోసం ఏమని ప్రార్థన చెయ్యాలె అని అడిగింది ముసలామె.

"నేను దేవులాడే మనిషి దొరికిండని చెప్పు," అంది నర్మద. "ఇగ నా సంగతి చూడుమను."